నన్ను తొండి అన్న మనిషి

ఎవరైనా మనల్ని మోసగాడు అంటే పోలీస్‌స్టేషన్ ఉంది, కోర్టు ఉంది. నాంపల్లిలో ఆ కోర్టు నేను చాయ్ తాగే హోటల్‌కు నడిచి వెళ్లేంత దూరమే. తొండి చేశావంటే మాత్రం ఎక్కడికి వెళ్లాలి? అది గోలీలాటలో పదేళ్లలోపు పిల్లలు ఒకరినొకరు అనుకునే మాట. యాభై రెండేళ్ల వయసులో, మెడలో ఆఫీసు కార్డు వేలాడుతుండగా, స్టేషన్ దగ్గరి హోటల్లో అందరూ వింటుండగా నన్ను ఆ మాట అన్నారు. గురువారం, సాయంత్రం ఆరున్నర. పక్క టేబుల్ దగ్గర కూర్చున్న గళ్లచొక్కా ఆయన పొలమారేంతగా నవ్వాడు. ఆయన ఎప్పుడైనా ఎదురైతే గుర్తుపడతాను.

మొదటినుంచీ చెప్తాను. నా దగ్గర చేతిలో పట్టుకుని ఆడే పాత వీడియో గేమ్ మిషన్ ఒకటి ఉంది. బూడిదరంగు, ఇటుకంత బరువు, నాలుగు పెన్సిల్ సెల్లులు వేయాలి. డిగ్రీలో ఉండగా మా బాబాయి మస్కట్ నుంచి తెచ్చి ఇచ్చాడు. తన కొడుకుకు కొత్తది, నాకు వాళ్లబ్బాయి వాడేసినది. సరే, ఆ విషయం బాబాయికి చాలాసార్లు చెప్పాను.

అందులో ఒకటే ఆట. పైనుంచి ఒక్కో ముక్క పడుతుంది, సందు లేకుండా పేర్చాలి. వరుస నిండితే మాయమవుతుంది. ముక్కలు పేరుకుని పైకప్పు తాకితే ఓడినట్టు. ముప్పై ఏళ్లుగా నేను అదే ఆడుతున్నాను. గన్‌ఫౌండ్రీలో మా ఆఫీసుకు వెళ్లే దారిలో, లోకల్ రైల్లో, అబిడ్స్ పోస్టాఫీసు క్యూలో. చుట్టూ అందరూ ఫోన్లలో ఆడుకుంటుంటారు, వాళ్లను ఎవరూ ఏమీ అనరు. నన్ను మాత్రం క్యూలో ఊదారంగు గొడుగు పట్టుకున్నావిడ, "ఇది బీపీ మిషనా అండీ? నాది జర చూస్తారా?" అని అడిగి చెయ్యి చాపింది. కాదు, ఆట అన్నాను. నన్ను కిందినుంచి పైదాకా చూసి, గొడుగు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది.

తోడు ఆటగాడు దొరకడం అంత సులభం కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. ఇద్దరు ఆడాలంటే రెండు మిషన్లూ ఉండాలి, వాటిని కలిపే వైరూ ఉండాలి. అప్పుడు ఇటువాడు వరుసలు మాయం చేసినకొద్దీ అటువాడి అడుగున వరుసలు పైకి లేస్తాయి. ఆ వైరు కోసం నేను ఎన్నో ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతికాను. పుస్తకాల వరుస అయిపోయాక, పాత ఛార్జర్లూ రిమోట్లూ కుప్పపోసుకుని ఒకాయన కూర్చుంటాడు. ఒక ఆదివారం ఆ కుప్పలో అది కనబడింది. ఒక కొస పట్టుకుని లాగాను. రాలేదు. రెండో కొస ఇంకొకరి చేతిలో ఉంది.

డెబ్బై ఏళ్ల మనిషి. తెల్ల చొక్కా, జేబులో మూడు పెన్నులు.

"ఇడువు తమ్మీ," అన్నాడు.

"నేను ముందు చూశానండీ."

"సూస్తే ఏమైతది? అబిడ్స్‌ల అందరు సూస్తరు. పట్టుకున్నోనిది."

"నేనూ పట్టుకునే ఉన్నాను కదా!"

ఆయన నా వైపు తేరిపార చూశాడు. "మిషన్ ఉన్నదా నీ దగ్గర?"

"ఉంది."

"ఎన్ని?"

"ఒకటి."

"నా దగ్గర గుడ ఒక్కటే. మరి గీ వైరు ఇంటికి తీస్కపోయి రెండో కొస దేనికి పెడ్తవ్, ఫ్రిజ్‌కా?"

వైర్ల ఆయన కూడా నవ్వాడు. నాకు ఆ ఫ్రిజ్ మాట ఇప్పటికీ మంటే, ఎందుకంటే అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. నేను ఆలోచించే లోపల ఆయన వైరు చుట్టి జేబులో పెట్టుకుని, "బేస్తవారం ఆరింటికి నాంపల్లికి రా" అని ఒక హోటల్ గుర్తులు చెప్పాడు. బేస్తవారం అంటే గురువారం. వైరు నేను ముందు చూశాను. ఆడాలంటే ఆయన చెప్పిన చోటికి నేను వెళ్లాలి. ఇదెక్కడి న్యాయం?

వెళ్లాను. ఆయనకు కోఠిలో కాగితాలు, నోటు పుస్తకాల హోల్‌సేల్ దుకాణం ఉంది. ప్రతి గురువారం నాంపల్లి దర్గాలో మొక్కుకుని ఆ హోటల్‌కు వస్తాడు. అక్కడ అందరూ ఆయన్ని సేట్ అంటారు, నేనూ అలాగే అన్నాను. ఆయన మాత్రం నన్ను తమ్మీ అనడం మానలేదు. ఆఫీసులో నా కింద తొమ్మిదిమంది పనిచేస్తారని రెండుసార్లు చెప్పాను. "మంచిగైంది తమ్మీ" అన్నాడు.

పదకొండు గురువారాలు ఆడాం. ఎవరు ఎన్ని గెలిచారన్నది ఇక్కడ అనవసరం. ఆయనవి ఎక్కువ. ఆయన ముక్కలు పేరుస్తూ కూనిరాగం తీస్తాడు. కిటికీ వైపు కుర్చీ ముందే ఆక్రమిస్తాడు. నేను ఓడగానే, అవును మరి అన్నట్టు, "ఔ మల్ల!" అంటాడు. ఈ "ఔ మల్ల"కు నేను ఎన్నో రాత్రులు మంచి మంచి జవాబులు సిద్ధం చేసుకున్నాను గానీ, వేళకు ఒక్కటీ గుర్తురాలేదు. అయినా గురువారం మధ్యాహ్నం నుంచే గడియారం చూసుకునేవాణ్ణి. ఊళ్లో ఇంకెవరి దగ్గరా ఆ మిషన్ లేదు. ఉన్నా, బయటికి తెచ్చి ఆడే ధైర్యం లేదు.

పన్నెండో గురువారం నా ముక్కలు పైకప్పుకు రెండు వరుసల దూరంలో ఉన్నాయి. ఆయన రాగం అందుకున్నాడు. అప్పుడు నా తెర ఖాళీ అయిపోయింది. ఒకటి ఆగితే రెండోది కూడా బిగుసుకుపోతుంది. ఆట రద్దు.

"సెల్లులు అయిపోయాయి," అన్నాను.

సేట్ నా మిషన్ తీసుకున్నాడు. వెనక మూత తీశాడు. నాలుగు సెల్లులూ బయటికి తీసి తన మిషన్లో వేసి స్విచ్ నొక్కాడు. ఎర్ర దీపం దేవుడి గదిలో దీపంలా వెలిగింది.

"ఇవేంది తమ్మీ?"

"ఒక్కోసారి అలా అవుతుందండీ. కాసేపు విశ్రాంతి ఇస్తే సెల్లులు మళ్లీ పనిచేస్తాయి."

"ఓహో. మీ ఆఫీస్ లెక్క సెల్లులకు గుడ లంచ్ ఉంటదా?" అని, గల్లా మీద కూర్చునే ముసలాయన వైపు తిరిగి గట్టిగా అరిచాడు. "సూడున్రి, సూడున్రి! తొండి చేసిండు! ఓడిపోతుంటె బందు చేసిండు!"

అప్పుడే గళ్లచొక్కా ఆయనకు పొలమారింది.

నా మిషన్ నేను తీసుకుని వచ్చేశాను. సెల్లులు ఆయన దగ్గరే ఉండిపోయాయి. ఆ మాట వెనక్కి తీసుకుంటే తప్ప ఆ హోటల్ గడప తొక్కకూడదని నిర్ణయించుకున్నాను. మా ఆఫీసు ఎక్కడో ఆయనకు తెలుసు. కోఠి నుంచి గన్‌ఫౌండ్రీ ఎంత దూరం? వచ్చి ఒక్క మాట అంటే సరిపోయేది. మూడు గురువారాలు చూశాను. రాలేదు. నాలుగో గురువారం, నేను రావడం మానేసిన సంగతి ఆయన గమనించాడో లేదో తెలుసుకోవడానికి వెళ్లాను.

కిటికీ వైపు కుర్చీ ఖాళీగా ఉంది. హోటల్ కిటకిటలాడుతోంది. గల్లా ముసలాయన్ని అడిగాను.

"సేట్ లేరా?"

"పోయిండు సార్."

నేను ఈ ఊళ్లోనే పుట్టాను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు మా తాతయ్య గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చారు. పోయిండు అంటే వెళ్లాడని నాకు తెలియదని ఎవరూ అనుకోవద్దు. కానీ మా ఇంట్లో ఎవరైనా పోయారంటే తలస్నానానికి నీళ్లు పెట్టడమే. పైగా ఆయనది డెబ్బై దాటిన వయసు. నెలలో రెండుసార్లు దవాఖానకు పోయి వచ్చానని తనే చెప్పాడు. ఆ క్షణాన నా చెవికి మా ఇంటి తెలుగే వినబడింది.

"పోయారా?" అన్నాను. "ఎప్పుడు?"

"మొన్న మంగళవారం."

"ఎలా?"

ఆ ముసలాయన చిల్లర ఏరుకుంటూ తలెత్తకుండానే చెప్పాడు. "ఎట్ల అంటే ఏమున్నది సార్. గీడనే కూసున్నడు, ఛాయ్ తాగిండు, లేసిండు, పోయిండు."

ఎంత మంచి చావు అనుకున్నాను. ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు. పోయిన మనిషి గురించి అంతకంటే గుచ్చిగుచ్చి అడగడం మర్యాద కాదు. శనివారం కోఠి వెళ్లి చూశాను. బజారంతా తెరిచి ఉంది, ఆయన దుకాణం షట్టర్ ఒక్కటే దించి ఉంది. ఇంక సందేహం ఏముంది?

ఆ వారమంతా నేను ఆయన్ని క్షమించే పనిలో ఉన్నాను. ఇది నాకు అలవాటు లేని పని, కష్టంగానే సాగింది. ముందు తమ్మీని క్షమించాను, అది తేలిక. కూనిరాగం, కిటికీ కుర్చీ రెండూ ఒకే రోజు అయిపోయాయి. ఫ్రిజ్ దగ్గర రెండు రోజులు ఆగిపోయాను. "ఔ మల్ల"ను క్షమించినప్పుడు మాత్రం, ఇంకెవరూ నన్ను అలా అనరు కదా అని, ఆ మాట నేనే ఒకసారి పైకి అనుకున్నాను. చివరికి తొండి మిగిలింది. దాన్ని క్షమించడం కుదరలేదు. నేను మొండివాణ్ణే గానీ, జరగని తప్పును క్షమించేంత మొండివాణ్ణి కాదు. ఆయన అన్నది నిజం. సెల్లులు బాగానే ఉన్నాయి. స్విచ్ మిషన్ పై అంచున ఎడమవైపు ఉంటుంది. నా వేలు అక్కడే ఉంది.

తర్వాతి గురువారం హోటల్‌కు వెళ్లి, కాసేపు ఒక్కణ్ణే ఆడి, గల్లా దగ్గరికి వెళ్లాను.

"ఒక సంగతి చెప్పాలండీ. ఆ రోజు సేట్ నన్ను తొండి అన్నారు కదా. నిజమే. నేనే ఆపేశాను. ఆయనకు చెప్పి ఉండాల్సింది."

ముసలాయన నన్ను వింతగా చూశాడు. "దీనికి గింత ఫికర్ ఏంది సార్? ఆయనకు నేను చెప్త తియ్యిన్రి."

నాకు కళ్లు చెమర్చాయి. ఈయనకూ ఎనభై దగ్గర పడుతున్నట్టుంది. ఆయన్ని ముందు కలిసేది ఈయనే అనుకుని, "తొందరేం లేదండీ" అన్నాను.

ఆ తర్వాతి గురువారం తలుపు దగ్గరికి వచ్చేసరికి కూనిరాగం వినబడింది. కిటికీ వైపు కుర్చీలో సేట్. కొత్తగా క్షవరం చేయించుకుని, నాకంటే ఆరోగ్యంగా ఉన్నాడు.

"రా తమ్మీ. ఒప్పుకున్నవంట గద!"

నా నోట ముందు వచ్చింది ఇది: "మీరు పోయారన్నారు!"

"ఔ, పోయిన. వచ్చిన."

"ఎక్కడికి?"

"నిజామాబాద్. మా చెల్లె మనుమరాలి లగ్గం. అందరం పోయినం, దుకాణం బందు పెట్టి." అని ఆగాడు. నా మొహంలో ఏం కనబడిందో, మెల్లగా అడిగాడు. "నువ్వేమనుకున్నవ్ తమ్మీ?"

నేను చెప్పాల్సిన పని లేకపోయింది. గల్లా మీద ముసలాయన ముందు కనిపెట్టాడు, రెండు చేతులతో నెత్తి పట్టుకున్నాడు. "అరె, సేట్! నిన్ను సంపేసిండు!"

సేట్ నవ్వాడు. టేబుల్ మీద చాయ్ ఒలికేదాకా నవ్వాడు. "ఎన్ని దినాలు సచ్చిన తమ్మీ?"

"పద్నాలుగు రోజులు," అన్నాను. అబద్ధం చెప్పే ఓపిక లేదు.

"మరి నా దినాలకు నన్నే పిలువకపోతివి!"

ఇంతకాలం కూడబెట్టుకున్న సంతాపమంతా ఒక్కసారిగా కోపమైంది. తమ్మీతో సహా ఇచ్చిన క్షమాభిక్షలన్నీ అక్కడికక్కడే రద్దు చేసుకున్నాను. "చూడండి సేట్, నేను ఒప్పుకున్నది పోయినవాళ్లకు. బతికున్నవాళ్లకు అది చెల్లదు. మీరు ఆ మాట వెనక్కి తీసుకోవాలి."

"ఒప్పుకున్నంక ఎట్ల తీస్కుంట? గప్పుడన్న నాకు జర అనుమానం ఉండె. ఇప్పుడు అది గుడ లేదు."

ఇలాంటి తర్కం ముందు ఎవరు నిలుస్తారు? అయినా నేను లేవలేదు. వెనక్కి తీసుకోకపోతే పోనీ, జీవితాంతం నేను తొండివాణ్ణన్నట్టు మాట్లాడటం కుదరదన్నాను. చేసింది ఒక్కసారి. ముప్పై ఏళ్లలో ఒక్కసారి. ఆ సంగతి కాగితం మీద ఉండాలన్నాను.

సేట్ జేబులోంచి చిన్న పుస్తకం తీసి, మూడు పెన్నుల్లో ఒకటి ఎంచుకుని రాశాడు. "తొండి చేసిండు. ఒప్పుకున్నడు."

"చేశాడు అని రాయండి."

"పోయిండు సమజ్ కాకనే నన్ను సంపితివి. చేసిండు అన్న నేర్చుకో."

"'ఒక్కసారి' ఏది?"

"గది ఊకెనే రాదు. ఆనాడు ఆగిన ఆట పూర్తి చెయ్యి. రెండు చేతులు నాకు కనబడాలె. ఆఖరుదాక ఆడితె రాస్త."

ఆడాను. మిషన్‌ను టేబుల్ మీద పెట్టి, వేళ్లన్నీ ఆయనకు కనబడేలా, ఒళ్లు వంచి ఆడాను. అలా ఆడితే ఎవరికైనా మెడ పట్టేస్తుంది. ముక్కలు లేస్తూ వచ్చాయి. నాలుగు వరుసలు మిగిలాయి, తర్వాత రెండు, తర్వాత ఒకటి. ఆయన కూనిరాగం ఆపేశాడు. నా తెర నిండి, ఓడినట్టు సంగీతం మోగేదాకా వేలు కదపలేదు. "ఔ మల్ల" వస్తుందని కాచుకుని ఉన్నాను. రాలేదు. పెన్ను మూత తీసి, నా వైపు చూడకుండా ఆ మాట చేర్చాడు. కాగితం చింపి నాకిచ్చాడు.

తొండి చేసిండు, ఒప్పుకున్నడు అన్నవి రెండు వేళ్లంత అక్షరాలు. ఒక్కసారి అన్నది మాత్రం చీమంత రాశాడు. అదీ గుర్తుపెట్టుకున్నాను.