కెమెరాకి పెట్టిన వంకలు

నా చిన్నప్పుడు మా ఊరు మొత్తానికి కెమెరా ఉన్న ఇల్లు మాదొక్కటే. అయినా నేను కళ్లు మూసుకోకుండా దిగిన ఫొటో ఒక్కటీ లేదు. అది కెమెరా తప్పు కాదు. కెమెరా మా చిన్నత్తది, అంటే మా నాన్న ఆఖరి చెల్లెలిది. మిలిటరీలో పనిచేసే మా పెదనాన్న ఒకసారి సెలవుకి వస్తూ, విదేశీ సరుకని చెప్పి తెచ్చిచ్చాడు.

మా ఊరు విస్సన్నపేట అవతల. నూజివీడు స్టూడియోకి వెళ్లాలంటే మొహమాటపడే ఆడవాళ్లు, మగ ఫొటోగ్రాఫరు ఇంటికొస్తే తలుపు చాటుకి జరిగే ఆడవాళ్లు, మా చిన్నత్త ముందు మాత్రం దర్జాగా నిలబడి నవ్వేవారు. సీమంతమైనా, ఓణీల వేడుకైనా ఆమెకే కబురొచ్చేది. డిగ్రీ చదివి ఇంట్లో కూర్చున్న మనిషికి ఆ కెమెరా వల్ల ఒక పనీ, నాలుగిళ్లలో ఒక పేరూ వచ్చాయి.

ఒక ఏడు బేరం కుదరక తోట కాపు మేమే ఉంచుకున్నాం. ఆ వేసవిలో ఓ సాయంత్రం పెద్దగాలి వచ్చి మా మామిడి తోటలో కాయంతా రాల్చేసింది. తెల్లారి చిన్నత్త ఆ రాలిన కాయల్ని పైనుంచి ఫొటో తీద్దామని ఎడ్లబండెక్కి నిలబడింది. ఎడ్లకి ఫొటో దిగే ఓపిక లేదేమో, ఒక్కడుగు ముందుకేశాయి. చిన్నత్త బండి అంచు పట్టుకుని నిలదొక్కుకుంది గానీ, కెమెరా వెళ్లి రాయి మీద పడింది. పైకి చూస్తే చిన్న సొట్ట, అంతే. బటన్ నొక్కితే మాత్రం ఎప్పుడూ వినబడే ఆ టక్కుమనే చప్పుడు లేదు. కెమెరా కన్నుమూసింది. రసాల తోటలో అందరం నీరసంగా చతికిలబడ్డాం.

వచ్చే ఆదివారం మా వీధి చివరింట్లో ఓణీల వేడుక. ఫొటోలు తీస్తానని చిన్నత్త మాటిచ్చేసింది. కాయ రాలిపోయిన ఏడాది కొత్త కెమెరా మాటెత్తే ధైర్యం ఎవరికీ లేదు. “ఈసారికి స్టూడియో వాళ్లని పిలుచుకోమని చెప్పేస్తాను నాన్నా” అంది మా తాతయ్యతో. ఒకసారి వాళ్లని పిలవడం అలవాటైతే ఇక తనకి కబురు రాదని ఆమెకి తెలుసు. ఆయనకీ తెలుసు. “చెబుదువుగాన్లే. ముందు నూజివీడులో చూపిద్దాం పద” అన్నాడు. నేనూ ఏడ్చి మరీ వెంటపడ్డాను. నిజం చెప్పాలంటే నాకు కెమెరా మీద కన్నా బస్టాండు దగ్గర గోళీ సోడా మీద బెంగ ఎక్కువ.

అక్కడొక షాపులో కెమెరాలు అమ్మేవారు, బాగుచేసేవారు. షాపాయన మా కెమెరాని అటూ ఇటూ తిప్పి, వెనక మూత తీసి చూసి, పెదవి విరిచాడు. “లోపలంతా పోయిందండీ. రిపేరు దండగ” అన్నాడు. చిన్నత్త మొహం వాడిపోయింది. అది చూసి ఆయనే అద్దాల బీరువాలోంచి తళతళలాడే ప్లాస్టిక్ కెమెరా ఒకటి తీసి ముందు పెట్టాడు. పాతది తన దగ్గర పడేస్తే కొంత తగ్గిస్తాననీ, మిగతాది వచ్చే కాపుకి ఇవ్వొచ్చనీ చెప్పాడు. చిన్నత్త ఆ కెమెరా వంక ఆశగా చూసింది. కొత్తది కొత్తదే కదా అని నేనూ తలూపాను, నన్నెవరూ అడక్కపోయినా.

తాతయ్య మాత్రం “ఇంతకీ పాతదాంట్లో ఏం బాగాలేదంటావు?” అన్నాడు. అంతే, షాపాయన అందుకున్నాడు. లెన్సుకి గీతలన్నాడు, బూజన్నాడు, పార్టులు దొరకవన్నాడు, బరువన్నాడు, రోడ్డు మీద పడేసినా ఎవరూ తీసుకోరన్నాడు. ఆఖరికి మెళ్లో వేసుకునే తోలు పట్టీకి కూడా వంక పెట్టాడు. వింటున్న తాతయ్య మీసాల కింద చిన్న నవ్వు కదిలింది.

ఆ నవ్వు నేనెరుగుదును. ఏటా పిందె దశలో మా తోట కాపు కొనడానికి బేరగాళ్లు వచ్చేవారు. తోట నచ్చినవాడు చెట్టు చెట్టుకీ తిరిగి తిట్టేవాడు. పిందె నిలవదు, కాయకి సైజు రాదు, పీచెక్కువ, టెంక తప్ప కండ లేదు, అంటూనే సాయంత్రం దాకా కదిలేవాడు కాదు. నచ్చనివాడు మాత్రం “బంగారంలాంటి తోటండీ” అని మెచ్చుకుని, మజ్జిగ తాగి వెళ్లిపోయేవాడు. మళ్లీ కనబడేవాడు కాదు. వంకలు పెట్టేవాడు వస్తేనే తాతయ్య మొహంలో ఆ నవ్వు కనిపించేది.

“అంత పనికిరానిదాన్ని నీకంటగట్టడం పాపమయ్యా. మావాడు ఆడుకుంటాడులే” అంటూ తాతయ్య కెమెరా తీసి నా మెళ్లో వేశాడు. “పదండి” అని బయటికి నడిచాడు. చిన్నత్త “నాన్నా, ఆదివారం...” అంటూ కంగారుగా వెనకే వస్తోంది. ఆయన తిరిగి చూళ్లేదు. నేను మాత్రం విదేశీ కెమెరాకి యజమానినై, ఛాతీ విరుచుకుని మెట్లు దిగుతున్నాను.

వీధిలో అడుగు పెట్టామో లేదో, వెనకనుంచి కేక. “బాబాయిగారూ, ఆగండాగండి! అంత మంచి కెమెరాని పిల్లాడి చేతికిస్తారేంటండీ!”

అనేశాక నాలుక్కరుచుకున్నాడు. తాతయ్య తాపీగా వెనక్కి తిరిగి, “ఇందాక పోయిందన్నావు?” అన్నాడు. షాపాయన తల గోక్కుంటూ నవ్వేశాడు. “తోటలవాళ్లతో బేరమాడ్డం నాదే బుద్ధితక్కువండీ. ఇలా ఇవ్వండి, చూస్తాను” అన్నాడు. సన్నటి స్క్రూడ్రైవరు తీసి, దెబ్బకి జారిన స్ప్రింగు ఒకటి సరిచేసి, బటన్ నొక్కాడు. టక్! చిన్నత్త నిండుగా ఊపిరి తీసుకుంది. నా యాజమాన్యం మెట్ల మీద మొదలై మెట్ల మీదే ముగిసింది గానీ, ఆమె మొహం చూశాక నాకూ పెద్దగా బాధనిపించలేదు.

తిరుగు బస్సులో చిన్నత్త అడిగింది, ఆయన పిలవకపోతే ఏం చేసేవాడివని. “పిలవకపోతే అది నిజంగానే పోయినట్టమ్మా. వెనక్కెళ్లి ఆ ప్లాస్టిక్‌దే కొనేవాళ్లం. అందులో సిగ్గేముంది?” అన్నాడు తాతయ్య. ఆదివారం వేడుకకి చిన్నత్తే వెళ్లింది. ఆ తర్వాత చాలా ఏళ్లు కబుర్లు ఆమెకే వచ్చాయి.

నేనూ ఈ పద్ధతిని స్కూటర్ల దగ్గరా, ఫ్యాన్ల దగ్గరా వాడి చూశాను. రెండుమూడుసార్లు వెనకనుంచి ఏ పిలుపూ రాలేదు. చెవులు రిక్కించుకుని వీధి చివరిదాకా నడిచి, నేనే తిరిగొచ్చాను. సిగ్గు కూడా పడ్డాను, తాతయ్యకున్నంత నిబ్బరం నాకు రాలేదు.

ఇంట్లో మాత్రం ఆ వంకల లెక్క ఎప్పుడూ తప్పలేదు. పెళ్లయిన నాటినుంచీ మా ఆవిడ నా నడకకీ, మాటకీ, మడతపెట్టని తువ్వాలుకీ వంకలు పెడుతూనే ఉంది. నేను నిశ్చింతగానే ఉన్నాను. పోయినేడు నాకు గుండె ఆపరేషనైంది. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ ఆమె నన్ను ఒక్క మాటనలేదు. ఏం చేసినా “బానే ఉందిలెండి” అనేది. డాక్టర్లు ఎంత ధైర్యం చెప్పినా, నాకు తోటని మెచ్చుకుని మజ్జిగ తాగి వెళ్లిపోయిన బేరగాళ్లే గుర్తొచ్చేవారు. ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే కాఫీ గ్లాసు నా చేతిలో పెడుతూ, “ఇన్నేళ్లొచ్చినా చప్పుడు చెయ్యకుండా కాఫీ తాగడం రాదేంటండీ మీకు!” అని విసుక్కుంది.

హమ్మయ్య అనుకుని, ఇంకో గుక్క గట్టిగా జుర్రుకున్నాను.