మేజర్ గారి తొడలో తూటా

ఆ రోజుల్లో నాకు లోకం మీద ఉన్న నమ్మకం తలుచుకుంటే ఇప్పుడు కాస్త సిగ్గూ, కాస్త అసూయా రెండూ కలుగుతాయి. ఒక్క నిజం బయటపడితే చాలు, ఊరంతా పనులు మానుకుని రోడ్డు మీదికి వచ్చేస్తుందనుకునేదాన్ని. అలాంటి దాన్ని డిగ్రీ అయిన కొత్తలో రెజిమెంటల్ బజార్‌లో చెప్పుల దుకాణం పైనున్న ఒక యూట్యూబ్ ఛానల్‌లో చేరాను. ఛానల్ అంటే రెండు గదులు, ఒక కెమెరా, ఒక ఎండీ గారు. (ఆయన కార్డు మీద అలాగే ఉండేది. మేనేజ్ చేయడానికి మాత్రం నేనూ, కెమెరా అబ్బాయీ తప్ప ఇంకెవరూ లేరు.) ఎండీ గారిది కోస్తా వైపు. సిటీకి వచ్చి రొయ్యల వ్యాపారం, కోచింగ్ సెంటరు, పెళ్లి సంబంధాలు అన్నీ ప్రయత్నించి, ఏదీ కుదరక చివరికి సమాజాన్ని మేల్కొలపడానికి పూనుకున్నారు.

పంద్రాగస్టుకు రెండు మూడు నెలల ముందు ఆయనకొక ఆలోచన వచ్చింది. ఒకప్పుడు సైన్యంలో పనిచేసిన ప్రముఖుల పాత సర్వీసు రికార్డులు తెప్పించి తెర మీద చూపించాలి. మొదటి ప్రముఖుడు మేజర్ గారు. ఆయన అసలు మేజరేమీ కాదు, సినిమా నటుడు. తెర మీద అన్నిసార్లు మేజర్ వేషం వేశాక జనమే ఆ పేరు ఖాయం చేశారు. కుర్రతనంలో నిజంగానే సైన్యంలో చేరానని ఆయన ప్రతి ఇంటర్వ్యూలో చెప్పేవారు. చెప్పి, కుడి తొడ మీద ఫట్‌మని చరిచి, "సరిహద్దులో తగిలిన తూటా ఇంకా ఇందులోనే ఉంది. వాన పడితే పలకరిస్తుంది" అనేవారు. అక్కడ యాంకరమ్మ కళ్లు తుడుచుకునేది. ఇక్కడ మల్కాజ్‌గిరిలో, అన్నం కంచం ముందు కూర్చుని, నేనూ తుడుచుకునేదాన్ని.

రికార్డు తెప్పించే పని నా మీద పడింది. ఎందుకంటే మా పెదనాయిన సైన్యంలో గుమాస్తాగా చేసి రిటైరై లాలాగూడలో ఉండేవాడు. తను సంతకం పెట్టకపోతే సగం సైన్యానికి జీతాలు అందేవి కావని ఆయన నమ్మకం. విషయం చెప్పగానే మీసం దువ్వుకుని, "ఎవరివి పడితే వాళ్లవి ఇయ్యరు బిడ్డా. గది ఆయన సొంత రికార్డు. ఆయన దస్కత్ పెట్టి అడిగితెనే ఇస్తరు" అన్నాడు.

దరఖాస్తు పట్టుకుని మేజర్ గారింటికి వెళ్లాను. ఆయన దాన్ని చూసి, కిటికీలోంచి దూరంగా చూస్తూ, "దేశానికి చేసింది చెప్పుకోకూడదమ్మా" అన్నారు. (అప్పటికి ఏ ఛానల్లోనూ చెప్పకుండా వదల్లేదు.) ఎంత నిగర్వి అని నేను కరిగిపోయాను. రెండోసారి వెళితే అవి రహస్య పత్రాలన్నారు. ఆ రహస్యాన్ని కాపాడుతున్నందుకు ఇంకా కరిగిపోయాను. మూడోసారి ఆయన ఇంకేదో అనబోతుండగా కాఫీ తెచ్చిన వాళ్లావిడ కాగితం అందుకుని చదివారు.

"పెట్టండి సంతకం. పెళ్లయిన దగ్గర్నుంచీ వింటున్నాను ఆ తూటా సంగతి. ఎక్స్‌రే తీయించిన ఒక్కసారీ కనబడలేదు. నేనూ చూస్తాను ఆ రికార్డేవిటో."

మేజర్ గారు నావైపు చూశారు. నేను పెన్ను అందించాను. శత్రువులకు వెన్ను చూపని వీరుడు, ఆవిడ ముందు మాత్రం కిక్కురుమనకుండా సంతకం పెట్టారు.

కొన్ని వారాలకు ఆవిడే ఫోన్ చేశారు. "వచ్చిందమ్మా. అన్నీ పొడి అక్షరాలే, ఒక్క ముక్కా అర్థం కావడం లేదు. తెలిసినవాళ్లని తీసుకురా." ఎండీ గారు ఏదో పెళ్లికి ఊరెళ్లారు కనుక పెదనాయినను వెంటబెట్టుకుని నేనే వెళ్లాను. ఆయన బీరువాలోంచి కోటు తీసి తొడుక్కుని, మెడల్స్ అన్నీ తగిలించుకుని, గుమ్మంలోనే మడమలు టక్కుమనిపించి "జైహింద్ సాబ్!" అని సెల్యూట్ కొట్టాడు. మేజర్ గారు నీరసంగా చెయ్యి ఎత్తారు.

పెదనాయిన కళ్లద్దాలు సవరించుకున్నాడు. "సాబ్ ఏ రెజిమెంటో చూద్దాం జెర... ఆఁ, గిది ట్రైనింగ్ సెంటర్. మంచిది సార్. ఆడికెళ్లి..." పేజీ తిప్పాడు. మళ్లీ వెనక్కి తిప్పాడు. "ఆడికెళ్లి ఏడికీ పోలే."

"పోలేదంటే?" అన్నారావిడ.

"ట్రైనింగ్ పూర్తిగాలేదమ్మా. గిట్ల రాసిన్రు. 'సమర్థుడైన సిపాయి అయ్యే ఆశ కనబడనందున ఇంటికి పంపడమైనది.'"

ఆవిడ తాపీగా, "మరి తూటా?" అన్నారు.

"తూటా గిట్ట ఏం లేదమ్మా. దవాఖాన కాయితం సుత ఉన్నది. వంటింటి డ్యూటీల ఉడుకుడుకు పప్పు మీద పడి కుడి తొడ కాలిందట." పెదనాయిన కళ్లద్దాలు తీసి మేజర్ గారిని జాలిగా చూశాడు. గుమ్మంలో సాబ్‌గా మొదలైన మనిషి, మొదటి పేజీలో సార్ అయి, ఇక్కడికి వచ్చేసరికి ఇంకా కిందికి దిగాడు. "మస్తు తక్లీఫ్ అయి ఉంటది గద తమ్మీ?"

ఆవిడ నవ్వడం మొదలుపెట్టారు. నవ్వి నవ్వి సోఫా చెయ్యి పట్టుకుని, "వాన పడితే పలకరించేది పప్పా అండీ! అందుకా ఇంట్లో పప్పు వండితే మొహం తిప్పుకుంటారు?" అన్నారు. నేను నవ్వలేదు. అన్నం తింటూ ఏడ్చిన ఏడుపంతా గుర్తొచ్చి ఒళ్లు మండిపోయింది.

మేం బయల్దేరితే మేజర్ గారు ఆ కాగితాలు పట్టుకుని గేటు దాకా వచ్చారు. అటూ ఇటూ చూసి, పెదనాయినతో గొంతు తగ్గించి, "అందులో మంచి మాట ఒక్కటీ లేదా అండీ?" అన్నారు. ఆ గొంతు సినిమా గొంతు కాదు. పెదనాయిన కాగితం మళ్లీ తీసుకుని వెతికి, "ఉన్నది, ఉన్నది. నడవడి: మంచిది" అన్నాడు. "ఇంకోసారి చదవండి" అన్నారాయన. పెదనాయిన చదివాడు. అంత కోపంలోనూ నాకు జాలేసింది.

ఆ జాలి కూడా దండగే అయింది. ఎండీ గారు తిరిగి రాగానే ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన బాధపడతారనుకుంటే నేరుగా మేజర్ గారికే ఫోన్ చేశారు. ఇద్దరూ పావుగంట మాట్లాడుకున్నారు. కార్యక్రమం అనుకున్న రోజుకే వచ్చింది. తెర మీద రికార్డు కాగితం, దాని మీద పాతకాలపు ఫోటో, నంబరు మాత్రం స్పష్టంగా కనిపించాయి. కింద మిగతా అంతా మసక చేసి, 'దేశ భద్రత దృష్ట్యా చూపలేకపోతున్నాం' అని రాశారు. జనం విరగబడి చూశారు.

"నిజం చెప్పాలి కదండీ" అన్నాను ఎండీ గారితో.

"నిజానికి వ్యూస్ ఎక్కడివమ్మా? పప్పు పడిందంటే ఎవడు చూస్తాడు?" అన్నారు, ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే.

మరుసటి వారం బస్సులో వస్తుంటే స్టేషన్ దగ్గర పెద్ద హోర్డింగు కనబడింది. మేజర్ గారు యూనిఫాంలో సెల్యూట్ చేస్తున్నారు. వెనకాల ఎక్కడో పొలాల్లో వేసిన ఇళ్ల స్థలాలు. 'సైన్యమే మెచ్చిన నడవడి! ఆయన మెచ్చిన ప్లాట్లు!' గేటు దగ్గర ఆయన రెండోసారి ఎందుకు చదివించుకున్నారో అప్పుడర్థమైంది. ఆయన గుండె చెమ్మగిల్లిందేమోననుకున్నాను. పాపం, కంఠస్థం చేసుకుంటున్నారు.

ఆ రోజే రాజీనామా చేశాను. రాజ్యాంగం, విలువలు, రాబోయే తరాలు అన్నీ కలిపి పేజీన్నర రాశాను. ఎండీ గారు మొదటి వాక్యం చదివి, "సరేనమ్మా, వెళ్లేటప్పుడు ఏసీ ఆపెయ్" అన్నారు.

ఏసీ ఆపి బయటికొచ్చాను. కానీ వెంటనే మెట్లు దిగలేదు. ఆయన మనసు మారి పిలుస్తారేమో, కార్యక్రమం తీసేస్తారేమో, మేజర్ గారు జనం ముందు చేతులు జోడిస్తారేమో అని సగం మెట్ల మీద బ్యాగు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. కింద చెప్పుల దుకాణంలో బేరాలు నడుస్తూనే ఉన్నాయి. ఇప్పుడు ముప్పై దాటాక, నా పనేదో నేను చూసుకుంటూ, ఎవరు ఏ తొడ చరిచినా ఛానల్ మార్చేస్తున్నాను. ఆ మెట్ల మీది పిల్ల తలపుకొస్తే మాత్రం నవ్వొస్తుంది. ఎవరూ పిలవరు, దిగు అని చెప్పాలనిపిస్తుంది. అంతలోనే, ఇంకాసేపు నిలబడనీలే పాపం, అని కూడా అనిపిస్తుంది.