పేట్రన్ గారి పులిహోర

మా ఆయన పనిచేసిన కన్సల్టెన్సీ యజమానిని అందరూ "అన్నా" అని పిలవాలి. వయసులో మా ఆయనకన్నా చిన్నవాడు. అయినా అన్నే. అమెరికాలోని మా పార్సిప్పనీలో వీసా ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే పెద్దన్న. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

మా అపార్ట్‌మెంట్లలో సగంమంది ఆయన మనుషులే. ఆదివారం పొద్దున్నే ఆయనింట్లో ఏదో ఒకటి ఉండేది. వ్రతమో, పిల్లల పుట్టినరోజో, ఏమీ లేకపోతే "ఊరికే రండి, టిఫిన్ చేద్దాం" అనో. ఊరికే రమ్మన్నప్పుడు వెళ్ళకపోతే ఆయన ఊరుకోడు. మగవాళ్ళు బేస్‌మెంట్‌లో కూర్చుని ఆయన జోకులకి నవ్వాలి. ఆడవాళ్ళం పైన వంటింట్లో దోసెలు పోయాలి. బయల్దేరేటప్పుడు ఆయన భార్య మిగిలిన పులిహోర అల్యూమినియం ట్రేలో సర్ది, "తీసుకెళ్ళమ్మా, పాప తింటుంది" అని చేతిలో పెట్టేది. చింతపండు పిసికింది నేను, పోపు వేసింది నేను, కలిపింది నేను. నా పులిహోర నాకే దానం!

ఎందుకు వెళ్ళేవాళ్ళమంటే, మా ఆయన హెచ్-వన్ వీసాకి ఆరేళ్ళే గడువు. ఐదో ఏడు దాటకముందే అన్న మా గ్రీన్‌కార్డ్ ఫైల్ చేయాలి. చేయకపోతే మేం పెట్టెలు సర్దుకోవాలి. "చేద్దాం తమ్ముడూ, లాయర్‌తో మాట్లాడుతున్నా" అంటూ ఐదో ఏడు సగం దాకా లాక్కొచ్చాడు. నా సంగతి చెప్పనే అక్కర్లేదు. గుంటూరులో జూనియర్ కాలేజీ పిల్లలకి చరిత్ర చెప్పినదాన్ని, ఇక్కడ భార్యలకిచ్చే హెచ్-ఫోర్ వీసా మీద ఉద్యోగం చేయకూడదు. వాళ్ళింట్లో దోసెలు మాత్రం ఎన్నయినా పోయొచ్చు. అది పని కిందికి రాదు కాబోలు.

ఆ ఏడాది మా అమ్మాయికి ఆరో తరగతిలో రోమన్ల పాఠం వచ్చింది. ఒక సాయంత్రం వంటింట్లోకి వచ్చి అప్పజెప్పింది.

"అమ్మా, రోమ్‌లో రిచ్ వాళ్ళు పేట్రన్స్. మిగతా వాళ్ళు క్లయింట్స్. క్లయింట్స్ ఎవ్రీ మార్నింగ్ పేట్రన్ ఇంటికి వెళ్ళి హలో చెప్తారు. వెనకాల నడుస్తారు, ఓట్ వేస్తారు. పేట్రన్ వాళ్ళకి బాస్కెట్‌లో ఫుడ్ ఇస్తాడు." కొంచెంసేపు ఆలోచించి, "లైక్ పులిహోర అంకుల్" అంది.

ఈ పాఠం నేను ఏళ్ళ తరబడి చెప్పాను. పేట్రన్లు, క్లయింట్లు, ఐదు మార్కుల ప్రశ్న. పొద్దున్నే టోగా వస్త్రం కట్టుకుని పెద్దమనిషి గుమ్మంలో నిలబడ్డవాళ్ళ గురించి బోర్డు మీద రాసినప్పుడు, వాళ్ళ పెళ్ళాలు ఏం చేసేవాళ్ళో నేనెన్నడూ ఆలోచించలేదు.

అప్పుడే ఊళ్ళో తెలుగు సంఘం ఎన్నికలు వచ్చాయి. అన్న ప్రెసిడెంట్‌గా నిలబడ్డాడు. ఎదుటివాడు ఇంకో కన్సల్టెన్సీ యజమాని, ఆయనకీ ఒక దండు ఉంది. మా అందరికీ, భార్యలతో సహా, అన్నే సభ్యత్వాలు కట్టాడు. బ్యాలెట్లు పోస్టులో ఇళ్ళకి వచ్చాయి. వెంటనే ఫోన్లు మోగాయి. కవర్లు అంటించకుండా ఆదివారం తీసుకురావాలి, నింపే శ్రమ మాకెందుకు, ఆయన మనుషులే నింపుకుంటారు.

శనివారం మా ఆయన రెండు బ్యాలెట్లూ నా హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టాడు. అమ్మాయి చూసింది.

"అమ్మా, ఒకటి నీ ఓటా?"

"ఆఁ."

"రోమ్‌లో లేడీస్‌కి ఓట్ లేదు, యు నో. నీకు ఉంది కదా. అంకుల్‌కి ఎందుకు ఇస్తున్నావ్?"

వీసా, గడువు, లాయర్... చెప్పడానికి చాలా ఉన్నాయి. నాకు మాత్రం గుర్తొచ్చింది నేను చెప్పిన ఆ పాఠమే. రోమన్లు మొదట్లో ఓటు నోటితో చెప్పేవాళ్ళు, పెద్దమనుషులు వింటుండగా. తర్వాత పోరాడి చట్టం తెచ్చుకున్నారు, పలక మీద గుట్టుగా రాసి వేసేలా. రెండు వేల ఏళ్ళ కిందటి ఆ జనానికి ఉన్న సిగ్గు ఎమ్మెస్సీలూ ఎంటెక్‌లూ చదివిన మాకు లేదా? ఆ కోపంలోనే నా బ్యాలెట్ తీసి నింపాను, కవరు నాలుకతో తడిపి అంటించాను, చెప్పులేసుకుని వెళ్ళి పోస్టుడబ్బాలో వేసి వచ్చాను.

మర్నాడు అన్న బేస్‌మెంట్‌లో టేబుల్ మీద ఖాళీ స్వీట్ డబ్బా పెట్టుకుని కూర్చున్నాడు. ఆడా మగా ఒక్కొక్కరే వచ్చి కవర్లు అందులో వేస్తున్నారు. మా ఆయన తనది వేశాడు.

"నీదేదమ్మా?"

"పోస్ట్ చేసేశానండీ."

"చెప్పాను కదా తీసుకురమ్మని. ఎవరికేశావ్?"

"చెప్పకూడదు కదండీ."

అన్న నవ్వాడు. "చదువుకున్న ఆడవాళ్ళతో ఇదే గొడవ తమ్ముడూ!" అందరూ నవ్వారు. మా ఆయనా నవ్వాడు. ఆ నవ్వు మాత్రం నేను ఈ జన్మలో మర్చిపోను.

ఆ రోజు మాకు ట్రే ఇవ్వలేదు.

కార్‌లో మా ఆయన స్టీరింగ్ మీద గుద్దాడు. "నీకేమైనా పిచ్చా? ఇంక ఫైల్ చేస్తాడా వాడు? అందరం పోయి రోడ్డున పడదాం!"

వెనకసీట్లోంచి అమ్మాయి, "నాన్నా, టీచర్ చెప్పింది. క్లయింట్స్ లేకపోతే పేట్రన్ ఇంపార్టెంట్ కాదు. హి నీడ్స్ యూ" అంది.

"నువ్వు నోర్ముయ్" అన్నాడు.

అన్న గెలిచాడు. నేను రోజూ పెట్టెల వంక చూసుకుంటూ గడిపాను. నెల తిరిగేసరికి లాయర్ నుంచి మెయిల్ వచ్చింది, ఫైల్ చేశారట. ఆ సాయంత్రమే తెలిసింది, అన్న మా ఆయన్ని పనికి పంపిన కంపెనీవాళ్ళే గట్టిగా అడిగారని. ఈ మనిషి మాకు చాలాకాలం కావాలి, కాగితాలు కదపండి అన్నారట. మా ఆయన వెళ్ళిపోతే ఆ కంపెనీ గంటకింతని కట్టేదాంట్లో అన్న జేబులో పడే వాటా కూడా ఆగిపోతుంది మరి. ఇన్ని ఆదివారాలు మేం ఎవరికి భయపడ్డాం? ఆయన తిన్నది మా కష్టం. మేం తిన్నది మా భయం.

అయినా మెయిల్ మళ్ళీ చదువుతుంటే మా ఆయన కళ్ళు చెమర్చాయి. "చూశావా, అన్న మనసులో ఏం పెట్టుకోలేదు. ఆదివారం వెళ్ళి థాంక్స్ చెప్పొద్దాం."

"కంపెనీవాళ్ళు అడిగారు కాబట్టి చేశాడు."

"ఎవరడిగితే ఏంటి, చేశాడుగా?"

"మీరెళ్ళండి. నేను రాను."

ఒక్కడే వెళ్ళాడు. మధ్యాహ్నం అల్యూమినియం ట్రేతో తిరిగొచ్చి, గెలిచినవాడిలా టేబుల్ మీద పెట్టాడు. అమ్మాయి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చిట్లించింది.

"అమ్మా, ఇందులో సాల్ట్ లేదు."

"కలపడానికి నేను వెళ్ళలేదు కదా" అన్నాను.