ఆశ్చర్యార్థకంతో సహా టైపు చేశాను

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు, బాపుకు చెప్పలేదు, పరుపు కింద దాచుకునే నా డైరీకి కూడా సగమే చెప్పాను. ఆ శనివారం సూరత్‌లోని ఉధ్నాలో, హంసాబెన్ చీరల డిజైన్ ఆఫీసులో, లాప్‌టాప్ తనంతట తాను చావలేదు. చచ్చే ముందు అది నా అనుమతి అడిగింది. నేను ఇచ్చాను. లిఖితపూర్వకంగా ఇచ్చాను.

నేనెలాంటి దాన్నో తెలిస్తే తప్ప ఈ ఘోరం మీకు సరిగ్గా అందదు. షేర్ ఆటోలో నేను దిగాల్సిన చోటు వచ్చినా "ఆపండి" అనలేను. ఇంకెవరో దిగేదాకా కూర్చుని, అక్కడ దిగి, వెనక్కి నడుస్తాను. ఆ లెక్కన సూరత్‌లో సగం నేను వెనక్కి నడిచి చూసిందే. ఇంట్లో ఎవరైనా పిలిస్తే పుస్తకంలో వేలు పెట్టుకుని తల ఊపుతాను. తల ఊపడానికి నోటితో పని లేదు కదా.

ఆ తల ఊపుడే కొంప ముంచింది.

హంసాబెన్ ఆఫీసు మేడ మీద. కింద ఆమెదే సాంచాల షెడ్డు. రోజంతా టకటకమని మరమగ్గాలు మోగుతుంటే పై అంతస్తులో టీ కప్పులు కూడా వణుకుతుంటాయి. ఆ షెడ్డులోనే మా బాపు పని. మగ్గం మీద ఒక బీము నూలు అయిపోగానే కొత్త బీము ఎక్కించి, వేల పోగుల్ని పోగుకు పోగు ముడివేస్తాడు. వైపని అంటారు దాన్ని. ఆయనే హంసాబెన్‌తో, "మా పోరికి కంప్యూటర్ల రానిది లేదు బెన్" అని నన్ను పనిలో పెట్టుకోమని అడిగాడు. ఇరవై ఏళ్లలో ఆయన ఆమెను ఏదైనా అడిగింది అదొక్కసారే.

హంసాబెన్ మగ్గాల మీద పనిచేసే మా తెలుగువాళ్ల మధ్యే ఉండి తెలుగు నేర్చుకుంది. అందులో వ్యాకరణం కన్నా హుకుం ఎక్కువ.

"ఈ లాప్‌టాప్‌ల విండోస్ లేదు. లైనక్స్ ఉంది. నీకు వస్తదా?"

లైనక్స్ అనే మాట నేను వినడం అదే మొదలు. తల ఊపాను.

వారం రోజులు చూసి చెబుతానంది. శుక్రవారం దాకా బోర్డర్లు గీశాను. గీత బాగుందట. "మగర్ నోరు ఏది?" అంది. "చీరలు కొనే పార్టీ వచ్చి రంగు అడిగితే నువ్వు తల దించి ఫర్ష్ చూస్తవ్. ఫర్ష్ చెప్తదా రంగు? రేపు ఒక్క రోజు చూస్త." ఆ ఉద్యోగం రాకపోతే నేను మళ్లీ ఇంట్లో అమ్మ పక్కన కూర్చుని చీరల దారాలు కత్తిరించాలి. దానికన్నా, బాపు మాట నేలపాలవుతుంది.

శనివారం పొద్దున హంసాబెన్ మార్కెట్‌కు బయలుదేరుతూ చెప్పింది: "పార్టీ పంపిన బోర్డర్ కొత్త సాఫ్ట్‌వేర్‌లనే తెరుచుకుంటది. అది వేస్కో. చిలకలు తీసెయ్, నెమళ్లు పెట్టు. నాలుగింటికి పార్టీ వస్తడు. అయితదా?"

మీకు తెలుసు నేనేం చేశానో. ఊపాను.

విండోస్‌లో సాఫ్ట్‌వేర్ వేయడమంటే నాకు హారతి కళ్లకద్దుకున్నంత సులువు. ఫైలు దించుకో, రెండుసార్లు నొక్కు, నెక్స్ట్, నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్. మధ్యలో వాళ్లేం రాశారో చదివిన మనిషి ఈ భూమ్మీద ఉన్నాడా? దించుకున్నాను. రెండుసార్లు నొక్కాను. బాణం గుర్తు గిర్రున తిరిగి, నన్నెరగనట్టు ఆగిపోయింది. ఫైలు చెడిందేమోనని మళ్లీ దించుకున్నాను. అలా ఏడు సార్లు. ఏడు ఫైళ్లు ఏడుగురు పెళ్లిపెద్దల్లా వరసగా కూర్చున్నాయి. ఒక్కటీ లేచి పని చేయదు.

ఇంటర్నెట్‌లో వెతికితే, అవి విండోస్ ఫైళ్లనీ, లైనక్స్‌లో నల్లకిటికీ తెరిచి ఆజ్ఞలు టైపు చేయాలనీ తెలిసింది. ఆజ్ఞలా! నేనా! పాస్‌వర్డ్ అడిగింది. కొడుతుంటే తెర మీద చుక్క కూడా పడదు. కీబోర్డు పోయిందనుకుని, మేకు దిగేసినట్టు ఒక్కో అక్షరం గట్టిగా కొట్టాను. తీరా అది ఎప్పుడో తీసుకుందట. చూపించదంతే. నాకన్నా సిగ్గరి!

చివరికి అది చెప్పిందేమంటే, ఈ సాఫ్ట్‌వేర్‌కు ఫలానా భాగం కొత్తది కావాలి, నీ దగ్గర పాతది ఉంది, అని. ఓస్, ఇంతేనా! పర్వత్ పాటియాలో నేను కంప్యూటర్ నేర్చుకున్న చోట సార్ చెప్పిన మాట నా నోట్‌బుక్‌లో కింద రెండు గీతలతో భద్రంగా ఉంది: "ముందు పాతది తీసెయ్యాలి. రీస్టార్ట్ చెయ్యాలి. తర్వాతే కొత్తది."

పాతది తీసెయ్యమని ఆజ్ఞ కొట్టాను.

తెర మీద పేర్లు పరుగెత్తాయి. ఇవన్నీ పోతాయి, అంటోంది. రేషన్ షాపు జాబితా కూడా అంత పొడుగుండదు. కింద హెచ్చరిక: నువ్వు చాలా ప్రమాదకరమైన పని చేయబోతున్నావు. నిజంగా కావాలంటే ఈ వాక్యం ఉన్నది ఉన్నట్టు టైపు చెయ్యి: "యెస్, డూ యాజ్ ఐ సే!"

అవును, నేను చెప్పినట్టు చెయ్యి! పుట్టి ఇరవై రెండేళ్లయినా ఈ మాట పిల్లితో కూడా అనలేదు నేను. అయినా టైపు చేశాను. ఒప్పుకోలేదు. చూస్తే, చివర ఆశ్చర్యార్థకం పెట్టలేదు. అంటే, మెల్లగా చెబితే వినదన్నమాట, అరవాలి. పాఠకులారా, దేవుడు నాకు తప్పించుకునే దారి చూపించిన క్షణం అదే. నేనేం చేశాను? ఆజ్ఞ మళ్లీ మొదటి నుంచి కొట్టి, వాక్యం మళ్లీ టైపు చేసి, ఆశ్చర్యార్థకం కోసం షిఫ్టు నొక్కి పెట్టి మరీ అరిచాను.

నా జీవితంలో మొదటిసారి ఎవరో నా మాట విన్నారు. పూర్తిగా విన్నారు.

పేర్లు ఒక్కొక్కటే రాలిపోయాయి. కాసేపటికి తెర బిగుసుకుపోయింది. బాణం కదలదు. గడియారం కదలదు. వారం రోజుల బోర్డర్లు, పార్టీ చిలకలు, అన్నీ లోపలే. ఏం చేయాలో తోచక తెర మీద నా చున్నీ కప్పాను. చనిపోయిన వాళ్లకు కప్పుతారే, అలా. కప్పి బాపుకు ఫోన్ చేశాను.

బాపు జుట్టు నిండా పత్తి నూగుతో మెట్లెక్కి పరుగున వచ్చాడు.

"ఏమైంది బిడ్డా? షాక్ గిట్ల కొట్టిందా?"

"లే బాపూ. కంప్యూటర్ ఆగిపోయింది."

"కరెంట్ ఎక్కువతక్కువైందా?"

"లే. కొత్తది వేద్దామని పాతది తీసేసిన."

బాపుకు కంప్యూటర్ తెలియదు. కానీ ఈ ఒక్క వాక్యం మాత్రం ఆయన పనిలోది. కళ్లు పెద్దవయ్యాయి.

"మొత్తం తీసేసినవా? కొసలన్న ఉంచినవా?"

"ఉంచలే."

"ఏంది బిడ్డా గిట్ల జేసినవ్! కొత్త బీము వచ్చిందని సాంచా మీది పాత పోగులు పీకి పారేస్తమా? గా పాత కొసలకే గద కొత్తయి ముడేసి గుంజేది? అవే లేకుంటే కొత్తది లోపటికి ఎట్ల పోతది?"

రోజూ అన్నం తింటూ వినే మాట! వైపని చేసే మనిషి కన్నబిడ్డను, సూరత్ మొత్తంలో ఈ తప్పు చేయకూడని ఒకే ఒక్క ఆడపిల్లను!

అంతలో మెట్ల మీద చెప్పుల చప్పుడు. హంసాబెన్.

"క్యా హువా? చున్నీ ఎందుకు కప్పిండ్రు?"

నేను నేల చూశాను. బాపు చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. "తప్పు నాది బెన్. పోరికి అన్నీ వస్తయని నేనే జెప్పిన. గీ లైనక్స్ సంగతి నాకేం ఎరుక? కావాలంటే నన్ను అనుండ్రి."

ఆయన తల వంచడం చూస్తే నాకు లోపల ఏదో తెగింది. "బాపూ, నువ్వాగు," అన్నాను. గొంతు నాదేనా అని నాకే అనుమానం. "నాకు లైనక్స్ రాదు బెన్. వస్తదని తల ఊపిన. పాతది నేనే తీసేసిన. బాపుకు ఏం తెల్వదు."

హంసాబెన్ చున్నీ తొలగించింది. తెర వైపు చాలాసేపు చూసింది. పవర్ బటన్ నొక్కి పట్టుకుని దానికి ముక్తి ఇచ్చింది. తర్వాత సొరుగు తెరిచి, తళుకుల ప్యాకెట్ల కింద నుంచి ఒక పెన్‌డ్రైవ్ తీసింది.

"రాకపోతే రాదు అని మొదటి రోజు చెప్తే ఏమైతుండె? నాకు తెల్వదా? సోమవారం నువ్వు స్టార్ట్ బటన్ ఎతుకుతున్నప్పుడే తెల్సింది."

ఆ లైనక్స్ వేసింది ఆమేనట! అదే లైనక్స్ ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టి లాప్‌టాప్‌ను లేపింది. నా బోర్డర్లు, పార్టీ చిలకలు, ఒక్క ఈక కూడా రాలకుండా ఉన్నాయి. నేను కూల్చింది మగ్గాన్ని, నేసిన బట్టను కాదు. పార్టీకి రెండు టీలు పోసి ఐదున్నర దాకా కూర్చోబెట్టాం. ఈలోగా హంసాబెన్ తన లాప్‌టాప్‌లో ఆ కొత్త సాఫ్ట్‌వేర్ వేసిస్తే, నేను అందులో నెమళ్లు గీశాను.

అందుచేత, సూరత్‌లోని సమస్త మరమగ్గాల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: చదవని దేనికీ ఇకపై అవునని టైపు చేయను. రాని దేనికీ తల ఊపను. పాత కొస చేతిలో పెట్టుకోకుండా కొత్త పోగు ముట్టను. ఆశ్చర్యార్థకాన్ని డైరీలో తప్ప వాడను.

సాయంత్రం బాపుతో కలిసి మెట్లు దిగుతుంటే హంసాబెన్ పైనుంచి పిలిచింది. సోమవారం తొమ్మిదింటికి రమ్మంది. చేతులు జోడించి, అలవాటుగా తల ఊపి, గబగబా రెండు మెట్లు దిగాను. అప్పుడామె, చున్నీ కింద బిగుసుకుపోయిన తెర మీద చదివిందంతా అంతసేపూ కడుపులో దాచుకుని, బాపుకు అర్థం కాకుండా అంది:

"ఔర్ సున్. 'నేను చెప్పినట్టు చెయ్యి' అని గంత గట్టిగ మిషన్‌తోని కాదు, సోమవారం నుంచి పార్టీలతోని మాట్లాడు."