ట్యాంకు నిండా పోయించిన బావ

కోరుట్లలో నాకో మెకానిక్ షెడ్డు ఉంది. వచ్చేవన్నీ ఆటోలు, ట్రాలీలు. వాటికి బ్రేకులు బిగించీ బిగించీ విసుగొచ్చి, ఒక పాత పెట్రోలు కారు కొని దానికి పెద్ద టర్బో పెట్టాను. పిస్టన్లు, ఇంజెక్టర్లు ఒక్కోటీ మార్చుకుంటూ పోయేసరికి హార్స్‌పవర్ రెండింతలైంది. ఇలాంటి కార్లే తయారుచేసే హైదరాబాద్ షెడ్డు యజమాని ఒకాయన, సోమవారం వచ్చి నడిపి చూస్తానన్నాడు. నచ్చితే నాకక్కడే పని.

అన్నిటికన్నా పెద్ద తలనొప్పి పెట్రోలు. టర్బో అంత గాలి కుక్కుతుంటే మామూలు పెట్రోలు టైముకు ముందే అంటుకుని పిస్టన్లను పగలగొడుతుంది. ఇథనాల్ ఎక్కువ కలుపుదామా అంటే, నిలవ ఉంటే నీళ్లు పీలుస్తుంది. చివరికి హైదరాబాద్‌లో దొరికే అలా ముందే అంటుకోని వంద ఆక్టేన్ పెట్రోలుకే సెట్టింగంతా చేయించి, పోయినప్పుడల్లా ట్యాంకు నింపుకొచ్చేవాణ్ని.

ఆ శనివారం సిరిసిల్ల నుంచి అక్కా బావా వచ్చారు. పూజ చేయించని బండిని బయటివాళ్లకు చూపిస్తావా అని అక్క పట్టుబట్టింది. నాకేమో షెడ్డులో పని. కొండగట్టు గుడికి నేను తీసుకుపోతానన్నాడు బావ. పిల్లనిచ్చిన ఇంట్లో అల్లుడు అడిగితే కాదంటామా? తాళం ఇస్తూ, పెట్రోలు మాత్రం పోయొద్దని, ఇది వేరే రకమని, ఉన్నది పోయి రావడానికి సరిపోతుందని రెండుసార్లు చెప్పాను. బావ నవ్వి భుజం తట్టాడు.

మధ్యాహ్నం జగిత్యాల దగ్గర్నుంచి ఫోను. పోయి చూస్తే బండి రోడ్డు పక్కన పొగలు కక్కుతోంది. బానెట్ మీద పూలదండ, పసుపు కుంకుమ. బస్సును దాటుదామని గట్టిగా తొక్కాడట, డబ్బాలో రాళ్లేసి ఊపినట్టు చప్పుడై ఆగిపోయిందట. తాళం తిప్పితే పెట్రోలు ముల్లు పైకంటా లేచింది.

"నువ్వు వద్దంటవని ఎరుకే బామ్మర్ది," అన్నాడు బావ. "అడుక్కొని తీస్కపోయిన బండి ఖాళీ ట్యాంకుతోని అప్పజెప్తే ఏం మంచిగుంటది? మల్యాలల ఫుల్లు కొట్టిచ్చిన."

నా మాట మొహమాటం అనుకున్నాడు. బండిని ఏ చెట్టుకో గుద్దినా బాగుండేది, నోరారా తిట్టేవాణ్ని. మర్యాద చేసిన మనిషిని ఏమని తిట్టను?

సోమవారం హైదరాబాదాయన వచ్చాడు. విప్పిన ఇంజన్‌లో చిల్లిపడ్డ పిస్టన్ చూశాడు. రోడ్డు మీద తిరిగే బండి ఇంట్లో ఎవరు నడిపినా బతకాలె అన్నాడు. చాయ్ తాగి వెళ్లిపోయాడు. మళ్లీ ఫోను చేయలేదు.

ఆ ట్యాంకులో పెట్రోలు పారబోయడానికి చేయి రాలేదు. క్యానులోకి దించి కొంచెం కొంచెంగా బైకులో పోసుకున్నాను. ఆటోల బ్రేకులు బిగించడానికి రోజూ దాని మీదే షెడ్డుకు పోయాను. బైకు ఒక్కసారన్నా ఆగుతుందేమోనని చూశాను. ఆ పెట్రోలు అయిపోయేదాకా మంచిగనే నడిచింది.