కండెలు చుట్టిన పిల్లపై నివేదిక

గత వారం బాలల సంక్షేమ విభాగంలో కొత్తగా చేరిన ఒక యువ అధికారిణి మా ఇంటికి వచ్చి, శిక్షణ తరగతిలో ఒక గంటసేపు మాట్లాడమని కోరుతూ ఒక చిన్న పుస్తకం నా చేతిలో పెట్టి వెళ్ళింది. ప్రపంచంలో అనాథ బాలలు ఎక్కడెక్కడ ఎలా బ్రతుకుతున్నారో వివరించే పుస్తకమది. అలవాటు చొప్పున ఎర్ర పెన్సిలు పట్టుకొని, అచ్చుతప్పులు దిద్దుకుంటూ చదివాను. ఏ దేశంలోనైనా సరే, భవనం ఎంత పెద్దదైనా, పక్కలు ఎంత శుభ్రంగా ఉన్నా, తనదని చెప్పుకొనే ఒక మనిషి లేనిచోట బిడ్డ సరిగా ఎదగదనీ, అందుకే పలుచోట్ల పెద్ద ఆశ్రమాలను మూసివేసి పిల్లలను కుటుంబాలకు అప్పగిస్తున్నారనీ ఒక పుటలో ఉంది. అక్కడ పెన్సిలు ఆగింది. ఆ వాక్యంలో తప్పేమీ లేదు. ఒకటైనా ఉంటే బాగుండునని, ఈ వయసులోనూ, నాకు అనిపించింది.

ఆదోనిలో ఒక బాలికల ఆశ్రమానికి నేను పందొమ్మిదేళ్ళు పర్యవేక్షకురాలిగా ఉన్నాను. గోడకు వరుసగా మేకులు, మేకుకొక తువాలు, తువాలుకొక అంకె. కంచాలన్నీ ఒకే కొలత. పేల బెడద లేకుండా అందరికీ మెడపైకి కత్తిరించిన జుట్టు. తనిఖీకి వచ్చినవారు మా నడవాలో చెప్పులు విడిచి నడిచేవారంటే అది నా గొప్పే. అక్కడి పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో ఉండేవారు. కరువు ఏడు వస్తే బెంగుళూరుకో, మిరపకాయల కోతకు గుంటూరు వైపో పోయేవారు, పండుగకో పబ్బానికో వచ్చి చూసి వెళ్ళేవారు. నిజంగా ఎవరూ లేని పిల్ల ఒక్కతే. పెద్దకడుబూరు దగ్గరి పల్లెలో కూలి చేసుకొని బ్రతికి, కన్నుమూసిన దంపతుల బిడ్డ. నాలుగేళ్ళ వయసులో, ముక్కు చీదడం కూడా రాని స్థితిలో నా దగ్గరకు వచ్చింది. అక్షరాలు దిద్దించింది నేను. టైఫాయిడ్ వచ్చినప్పుడు ఆసుపత్రిలో పక్కన కూర్చున్నది నేను. పిల్లలను తాకి ముద్దుచేయడం నా పద్ధతి కాదు; ఒకరిని ఎత్తుకుంటే నలభైమందిని ఎత్తుకోవాలన్నది నా సిద్ధాంతం. ఆ సిద్ధాంతాన్ని ఎవరికీ తెలియకుండా ఆ ఒక్క పిల్ల విషయంలో మనసులో సడలించుకున్నాననీ, ఆ సంగతి ఆమెకు ఎలాగో తెలిసే ఉంటుందనీ నమ్మాను.

మాకు తువాళ్ళూ దుప్పట్లూ ఎమ్మిగనూరు నుండి వచ్చేవి. నేసేది ఒక భార్యాభర్తల జంట. వారికి పిల్లలు లేరు. మూట మోసుకొని బస్సులో వచ్చేది భార్య. నలభై దాటిన మనిషి, నోరు ఊరుకోదు. ఒకసారి ఆమె మూట విప్పుతుండగా మా పిల్ల వచ్చి ఆ తువాళ్ళ మధ్య చతికిలబడి, ఆమె కొంగు పట్టుకొని ఇక వదలలేదు. "సూడండి మేడం, మీ సరుకు ఇచ్చేకొస్తే మీ బిడ్డ నన్నే మూట కట్టేట్టుండాది," అని ఆమె పకపకా నవ్వింది. నేను నవ్వలేదు. తువాళ్ళ అంచులు సమానంగా లేవని చెప్పి రెండు వెనక్కి పంపాను. అవి సమానంగానే ఉన్నాయి. మా వంటామె గడప దగ్గర నుంచుని చూస్తూ, "తువాళ్ళకేం రోగం మేడం, బాగానే ఉండాయి గదా," అంది. ఆమెకు అన్నంతోపాటు నిజాలు కూడా వడ్డించే అలవాటుండేది.

టైఫాయిడ్ తగ్గి కళ్ళు తెరిచిన రోజున పిల్ల మొదట అడిగిన మాట, "తువాళ్ళామె యాడుండాది?" అన్నది. రెండు రోజులుగా నేను కదలని కుర్చీ ఆ మంచానికి జానెడు దూరంలోనే ఉంది.

ఆ దంపతులు పిల్లను పెంచుకుంటామని సంక్షేమ కమిటీకి అర్జీ పెట్టుకున్నారు. కమిటీ వారు ముందుగా వేసవి సెలవులకు పిల్లను వారి ఇంట ఉంచి, నన్ను వెళ్ళి చూసి నివేదిక వ్రాయమన్నారు. పిల్లకు అప్పుడు ఏడేళ్ళు. మే నెలలో ఒక ఉదయం ఎమ్మిగనూరు వెళ్ళాను. గుంతమగ్గం ఉన్న ఇల్లు. ఆమె గుంతలో కాళ్ళు పెట్టుకొని కూర్చుని నేస్తోంది. పిల్ల ఆమె వీపుకు వీపు ఆనించి, చిన్న రాట్నం ముందు కండెలు చుడుతోంది. మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే, నూలు చుట్టిన పుల్లలను అక్కడ కండెలంటారు. నన్ను చూసి లేచి నమస్కారం పెట్టింది, నేను నేర్పిన విధంగానే. ఆ వెంటనే నేను నేర్పని విధంగా గంతులు వేసింది. "మేడం, ఇది సూడు, నేనే సుట్టినా! నాలుగుసార్లు తెగిపోయినాది, అమ్మ ముడేసిచ్చింది."

అమ్మ. ఒక నెల కూడా కాలేదు.

"రోజుకు ఎన్ని చుడతావు?" అని అడిగి, చేతిసంచిలోంచి పుస్తకం తీశాను. మగ్గం మీదున్న ఆమె నవ్వింది. "ఏం సుడతాది మేడం? ఒకటి సుట్టి పది సిక్కు చేస్తాది. దాని సిక్కు తీసేకే నాకు మద్యానం సరిపోతాది. సేతులు ఊరుకోవు, ఏదో ఒకటి ఇయ్యల్ల గదా." అంటూనే పిల్ల చుట్టిన ఉబ్బెత్తు కండెను నాడెలో పెట్టి నేసింది. దుప్పటిలో ఆ వరుస ముడులు ముడులుగా దిగింది. అది ఎవరూ కొనరని నేనన్నాను. "కొనకపోతే మాయె. మా ఇంట్లోనే కప్పుకుంటాం," అంది. నా పందొమ్మిదేళ్ళ ఆశ్రమంలో వంకరగా ఉన్నది ఏదీ వరుసలో నిలవలేదు. ఈమె వంకరను పిలిచి వరుసలో కూర్చోబెడుతోంది. పిల్ల దానిని వేలితో తడిమి చూసుకొని మురిసిపోతోంది. నా కడుపులో మంట రగిలింది. దానికి ఆనాడు నేను పెట్టుకున్న పేరు 'బాధ్యత'.

ఆ సాయంత్రమే నివేదిక వ్రాశాను. "బాలికను మగ్గపు పనిలో కూర్చుండబెట్టుట స్వయముగా గమనించితిని. బాలిక కండెలు చుట్టుచుండెను. ఆ సమయమున చేతిలో పలక గాని పుస్తకము గాని లేదు." ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. మొత్తం మాత్రం అబద్ధం. నేతపని ఇంట్లో పసిపిల్ల చేతికి రాట్నం ఇవ్వడమంటే, రొట్టెలు చేసే చోట పిల్ల చేతికి పిండిముద్ద ఇవ్వడం వంటిదేనని ఈ ప్రాంతంలో పుట్టిన నాకు తెలియనిది కాదు. చదివిన కమిటీ వారు మాత్రం దూరం నుంచి వచ్చినవారు. జూన్‌లో పిల్లను వెనక్కి పంపారు. నూలుపోగులతో ముడివేసిన రెండు చిన్న పిలకలతో వచ్చింది. నియమం ప్రకారం జుట్టు కత్తిరించాలన్నాను. వంటామె కత్తెర తెచ్చి నా చేతికే ఇచ్చి, "నాకు సేతకాదు మేడం, మీరే కత్తిరించుకోండి," అని వెళ్ళిపోయింది. కత్తిరించాను. పిల్ల ఏడవలేదు. రాలిన పిలకల నుంచి నూలుపోగులు విడదీసుకొని పిడికిట్లో పెట్టుకుంది.

నెలకు రెండు ఆదివారాలు పిల్లలను చూడవచ్చే రోజులు. ఆమె ఒక్కటీ తప్పలేదు. జొన్నరొట్టెలూ, వేరుసెనగ బుడ్డల పొడీ తెచ్చేది, నాకు కూడా. ఒకసారి గొంతు తగ్గించి అడిగింది: "మా మీద ఎవురో సాడీలు సెప్పినారంట మేడం, బిడ్డతో పని చేపిస్తాండామని. మీరు కండ్లారా సూసినారు గదా. పెద్దోళ్ళు, మీరొక మాట సెప్తే ఇంటారు." చూస్తానన్నాను. ఆ రొట్టె తిన్నాను కూడా. బాగుంది, అందుకూ ఆమె మీద కోపం వచ్చింది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఆమె రాలేదు. భర్తకు జ్వరమని తరువాత తెలిసింది. పిల్ల పొద్దుటి నుంచి గేటు దగ్గరే నిలబడింది. మధ్యాహ్నం నేను వెళ్ళి పక్కన నిలుచున్నాను. ఇప్పుడైనా నా వైపు తిరుగుతుందని, నా పద్ధతికి విరుద్ధంగా చేయి చాచడానికి కూడా సిద్ధపడి వెళ్ళాను. పిల్ల నన్ను చూసి, ఎంతో మర్యాదగా, "మీరు లోపలికి పోండి మేడం. మీరు నాకాడ నిలబడుంటే, అమ్మొచ్చి సూసి, నేను మీతోనే ఉండిపోతాననుకొని ఎలబారిపోతాది," అంది.

లోపలికి వెళ్ళాను. రెండవ నివేదిక వ్రాశాను. మొదటిదానిలో వదిలిపెట్టినవన్నీ వ్రాశాను: వీపుకు ఆనిన వీపు, తెగిన నూలు, ముడులు పడిన దుప్పటి; చివర, వాటిని ఎందుకు వదిలిపెట్టానో కూడా వ్రాశాను. పై అధికారులు నన్ను మందలించారు. అది న్యాయమే. నెల తిరగకముందే పిల్లను వారికి అప్పగించమన్న ఉత్తరువు వచ్చింది.

తీసుకుపోవడానికి ఆమె వచ్చిన రోజున, ఆ చాడీలు చెప్పినది నేనేనని చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిడితే ఇద్దరం సమానమయ్యేవాళ్ళం. ఆమె పిల్ల బట్టల సంచి భుజాన వేసుకుంటూ, "పోనీలెండి మేడం. మీరు కూడా సాకినోళ్ళే గదా, ఇడ్సేకి మనసు రాల్యా," అంది. ఆ మంచితనం మీద కూడా నాకు అసూయే కలిగింది.

శిక్షణ తరగతిలో ఏం చెప్పాలో ఇంకా ఆలోచిస్తున్నాను. జూన్ నుంచి ఫిబ్రవరి వరకు, నావంటి వారికి అది గడిచినట్లే తెలియని కాలం. ఆ కాలంలోనే ఆ పిల్లకు ముందరి పాలపళ్ళు రెండు ఊడాయి. చూసి నవ్వవలసిన మనిషి గేటు అవతల ఉంది. ఊడిన తేదీని పుస్తకంలో వ్రాసుకున్న మనిషి గేటు లోపల ఉంది. పాలపళ్ళు ఎవరికైనా ఒక్కసారే ఊడతాయి.