గోధుమ తగలకుండా సింగపూర్ దాకా

గోధుమ పడని చంటిపిల్లతో విమానం ఎక్కబోయేవాళ్లకి ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను. ఉపయోగపడకపోతే నవ్వుకోవడానికైనా పనికొస్తుంది. దారి పొడవునా మమ్మల్ని చూసి చాలామంది నవ్వుకున్నారు కాబట్టి ఆ విషయంలో నాకు అనుమానం లేదు.

మాది అరకు దగ్గర కొండ మీద ఊరు. మా మహిళా సంఘం కాఫీ గింజలు ఎండబెట్టి, వేయించి, పొడి చేసి అమ్ముతుంది. సింగపూర్‌లో కాఫీ ప్రదర్శనలో మాకో బల్ల ఇస్తామన్నారు, ఒక మనిషికి టికెట్టు కూడా ఇస్తామన్నారు. ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడగలనన్న నేరానికి సంఘం నన్ను పంపింది. మా ఆయన బడిపంతులు. పరీక్షల రోజులు, సెలవు దొరకలేదు. రెండున్నరేళ్ల మా గుంట దీవెనని అత్త దగ్గర వదిలి వెళ్దామా అంటే, ఆవిడ కళ్లుగప్పి ముద్దుగా బిస్కెట్టు పెట్టేవాళ్లు ఊళ్లో వీధికి నలుగురున్నారు. అందుకని దానికీ టికెట్టు కొని వెంటబెట్టుకు వెళ్లాను.

దీవెనకున్న జబ్బు పేరు సీలియాక్. గోధుమ, మైదా, బొంబాయి రవ్వ, బార్లీ ఏది లోపలికి వెళ్లినా పేగు పాడవుతుంది. ఏడాది పిల్లప్పుడు పొట్ట ఉబ్బి, చేతులు పుల్లల్లా అయిపోయాయి. దిష్టన్నారు, నులిపురుగులన్నారు, తల్లి పాలలో బలం లేదన్నారు. చివరికి విశాఖలో ఒక డాక్టరమ్మ అసలు సంగతి కనిపెట్టింది. ఆ తరవాత కూడా ఒక పెళ్లిలో ఎవరో మహానుభావుడు పూరీ ముక్క నోట్లో పెడితే మూడు రోజులు సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. పరాయి దేశంలో అలాంటిది జరిగితే ఏ ఆసుపత్రికి పరిగెత్తాలో నాకు తెలియదు. ఆ భయంతోనే బయల్దేరాను.

రాగుల్ని మేం చోళ్లంటాం. అత్త చోడి రొట్టెలు, బెల్లం వేసి చోడి ఉండలు చేసి గుడ్డలో మూటకట్టింది. విడిగా డబ్బా నిండా పిండి కూడా ఇచ్చింది.

"తిరగల్లోనే ఇసిరినానమ్మా. మిల్లుకి అట్టుకెల్లనేదు" అంది. సంతలో మిల్లువాడు గోధుమలు ఆడిన రాయి మీదే చోళ్లూ ఆడతాడు. అది అత్తకి బాగా తెలుసు.

సాయంత్రం నాలుగింటికి రావలసిన రైలు ఐదు దాటాక వచ్చింది. బొర్రాలో గుహలు చూసొచ్చిన జనం ఎక్కారు. సొరంగం వచ్చిన ప్రతిసారీ పెద్దా చిన్నా అంతా కేకలు పెట్టారు. రోజూ ఈ రైల్లో తిరిగే మావాళ్లు వాళ్లని జాలిగా చూశారు. దీవెనకి ఆకలేస్తే మూట విప్పాను.

ఇక్కడ మా కొండల పద్ధతి ఒకటి చెప్పాలి. నలుగురిలో మూట విప్పితే ముందు పక్కవాళ్ల చేతిలో పెట్టాలి, తరవాతే మన నోట్లో. లేదంటే మమ్మల్ని మనుషుల్లో లెక్కకట్టరు. దీవెనకి మాటలు పూర్తిగా రాకముందే ఇది వచ్చేసింది. ఉండలు తీసి వరసగా పంచుకుంటూ పోయింది. పద్ధతి తప్పకూడదని నేనూ రొట్టెలు తుంచి ఇచ్చాను. ఎదుటి సీటులో విజయనగరం ఆవిడ నమిలి చూసింది.

"బాగున్నాదమ్మా. మా ఆయనకి సుగరు, ఇంకోటియ్యి" అంది. ఇచ్చాను. ఆయన అక్కడ లేడు, ఆవిడే తినేసింది.

రాత్రికి విశాఖలో లాడ్జి. గది అద్దెకి తగ్గట్టు ఫ్యాను తిరిగింది. పొద్దున ఏడింటికి విమానాశ్రయం చేరాం. పిండి డబ్బా చేతిసంచిలో వద్దు, పెద్ద పెట్టెలో వేసేయండి అని కౌంటరు అమ్మాయి సలహా ఇచ్చింది. వేసేశాను. మీరు మాత్రం ఆ పని చేయకండి. పెట్టె విమానం పొట్టలో ఉంటుంది, పిల్ల పొట్ట మన ఒళ్లో ఉంటుంది.

తనిఖీ దగ్గర యూనిఫాం ఆయన మూట విప్పించి నల్లటి ఉండల్ని అనుమానంగా చూశాడు. "తిని చూడండి సార్" అన్నాను. ఆయన తినలేదు కానీ, వెనక లైన్లో కోటు వేసుకున్న పెద్దమనిషి ఆగలేకపోయాడు.

"మిల్లెట్సా మేడమ్! సూపర్ ఫుడ్! మేము ఇదే ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటాం" అన్నాడు.

దీవెన ఆయనకి రెండిచ్చింది. మా అమ్మమ్మ ఇవే తిని బతికినన్నాళ్లూ కూడు లేని జనమన్నారు. ఇప్పుడు కోటువాళ్లు తింటే సూపర్ ఫుడ్ అయింది.

చెన్నైలో దిగి సింగపూర్ విమానం ఎక్కేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. మూట బాగా చిక్కిపోయింది. అయినా నాకు ధైర్యమే. గోధుమ లేని భోజనం కావాలని టికెట్టు కొన్నప్పుడే చెప్పాను, మళ్లీ ఫోన్లో చెప్పాను, ఎక్కుతూ కూడా చెప్పాను. విమానం చాలాసేపు కదలకుండా నేల మీదే కూర్చుంది. గాల్లోకి లేచాక ఎప్పటికో పళ్లెం వచ్చింది. అందులో నూడుల్స్, బన్ను, కేకు ముక్క ఉన్నాయి. మా పిల్లకి పడనివన్నీ ఒక్కచోట ఇంత శ్రద్ధగా పేర్చడం నేనెక్కడా చూడలేదు.

"సిస్టమ్‌లో చైల్డ్ మీల్ అనే ఉంది మేడమ్. బన్ను తీసేసి మిగతాది పెట్టండి" అంది విమానం అమ్మాయి, నవ్వు చెదరకుండా.

"నూడుల్స్ దేనితో చేస్తారమ్మా?" అన్నాను. కనుక్కుని వస్తానని వెళ్లింది. ఇప్పటికీ కనుక్కుంటూనే ఉండి ఉంటుంది.

మూటలో మిగిలింది ఒకే ఒక్క ఉండ. దాన్ని దీవెన చేతిలో పెట్టాను. అదే సమయానికి మా పక్క సీటు కుర్రాడు ఏడుపు లంకించుకున్నాడు. వాడికి నాలుగేళ్లుంటాయి. వాళ్లమ్మ హైదరాబాద్ ఆవిడ, ఫోను చూపించి ఊరుకోబెడుతోంది. దీవెన నా ఒళ్లోంచి వాణ్ని కాసేపు చూసింది. తరవాత తన ఉండ వాడి చేతిలో పెట్టేసింది. దానికి నేర్పిందే అది చేసింది. నేను నోరు తెరిచేలోపు వాడు కొరికేశాడు కూడా.

"ఎంత మంచి పిల్లండీ!" అని ఆవిడ మురిసిపోయింది. ఊరికే ఉంటే బాగుండేది. తీసుకున్నాక తిరిగి ఇవ్వాలన్న మర్యాద ఆవిడకీ ఉంది. సంచిలోంచి క్రీమ్ బిస్కెట్టు తీసి దీవెన చేతికిచ్చింది. ఆకలి మీదున్న పిల్ల ఆనందంగా నోటి దాకా తీసుకెళ్లింది.

దాని చేతి మీద ఫెడీమని కొట్టాను. బిస్కెట్టు ఎగిరి ముందు సీటు కింద పడింది. దవడ పట్టి నోరు తెరిచి, వేలు పెట్టి నాలుకంతా తుడిచాను. దీవెన ఒక్క క్షణం బిత్తరపోయి, తరవాత గుక్కపట్టి ఏడ్చింది. దాన్ని నేను కొట్టడం అదే మొదటిసారి. చుట్టుపక్కల తలలన్నీ ఇటు తిరిగాయి.

"పిల్లని అలా కొడతారా ఎవరైనా? ఒక్క బిస్కెట్టుకి ఏమవుతుంది?" అంది ఆవిడ. జబ్బు సంగతి చెప్పాను.

ఆవిడ కళ్లు పెద్దవి చేసింది. "అరకు కొండల్లో వాళ్లకి కూడా గ్లూటెన్ ప్రాబ్లమ్ ఉంటుందా? అది ఫారిన్ వాళ్ల జబ్బు కదండీ!"

"జబ్బుకి వీసా అక్కర్లేదండీ" అన్నాను. ఆవిడ చెవుల్లో వైర్లు పెట్టుకుంది.

వెనక సీటు ముసలాయన చేయి చాపి రెండు అరటిపళ్లిచ్చాడు. దిగేదాకా అదే భోజనం. పొడి ఏమైనా గొంతు దిగిందేమోనని దీవెన కడుపు తడుముతూ కూర్చున్నాను. ఏమీ కాలేదు. కానీ అది మళ్లీ నా ఒళ్లోకి రాలేదు, కిటికీకి ఆనుకునే నిద్రపోయింది.

సింగపూర్ గురించి మీకు వేరేవాళ్లు చాలానే చెప్పి ఉంటారు. శుభ్రంగా ఉంది. అక్కడ దుకాణంలో కొండల బొమ్మ వేసిన చిన్న పొట్లం కనిపించింది, గ్లూటెన్ లేని రాగి బిస్కెట్లు. ధర చూసి మళ్లీ అరలో జాగ్రత్తగా పెట్టేశాను. పెట్టెలోని పిండితో హోటలు గదిలో నీళ్ల కెటిల్‌లోనే జావ కాచాను. ప్రదర్శనలో మా కాఫీ పొడి రెండో రోజుకే అయిపోయింది. ఎవరేం ఇచ్చినా "నో, నో" అనాలని దీవెనకి పాఠం చెప్పాను. చాలా బేగి, ఒక్క పూటలోనే నేర్చుకుంది. మా బల్ల దగ్గరికి వచ్చిన తెల్లవాళ్లు ముద్దుగా పిలిచినా రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకునేది. నాకు గర్వంగా అనిపించింది.

తిరుగు ప్రయాణం అచ్చం ఇలాగే, కాకపోతే మిగిలిన పిండితో కెటిల్‌లోనే ముద్దలు చేసి కట్టుకున్న మూటని ఈసారి నలుగురిలో విప్పలేదు. పిల్లా నేనూ దుప్పటి చాటున దొంగల్లా తిన్నాం. ఎవరికీ పెట్టలేదు, ఎవరూ అడగలేదు. మూట విశాఖ దాకా సరిపోయింది.

విశాఖలో అరకు బస్సెక్కాం. ఎస్.కోట దాటి ఘాట్ మొదలయ్యేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంత దూరం వెళ్లొచ్చినా పిల్లకి ఒక్క విరేచనం లేదు, ఒక్క వాంతి లేదు. ఇది చదివి బయల్దేరేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే, విమానంలో ఎవరినీ నమ్మకండి, మూట విప్పకండి. ఇలా రాయాలని అక్కడే, ఆ బస్సులోనే అనుకున్నాను.

అనంతగిరిలో ఒక ముసలామె సీతాఫలాల గంపతో ఎక్కి మా పక్కన కూర్చుంది. మా కొండ మనిషే. కూర్చుంటూనే బాగా మాగిన పండొకటి విప్పి, సగం దీవెన ముందుకి చాపింది.

"తినే గుంటా. మా సెట్టుదే."

దీవెన చేతులు వెనక్కి దాచుకుంది.

"ఏటే, నానిత్తే తినవేటి?" అంది ముసలామె. మొహం చిన్నబోయింది. ఆమె మొహం చూసి నా తల కొట్టేసినట్టయింది.

"ఇది తినొచ్చు నాన్నా. మంచిదే, తీసుకో" అన్నాను.

సీతాఫలం అంటే దీవెనకి ప్రాణం. అయినా అది పండు వంక చూడలేదు. నా చేతి వంకే చూస్తూ కూర్చుంది.